జావా పల్లెలో నేల ఒకరిది, ఇల్లు ఒకరిది, కోత ఇంకొకరిది

ఇండోనేషియాలోని జావా దీవి పల్లెల పాత లెక్కలో ఇల్లు స్థిరాస్తి కాదు, చరాస్తి. టేకు స్తంభాలు, దూలాలు, వాసాలు అన్నీ కొయ్య చీలలతో బిగించి కట్టిన ఇల్లు అది. ఏ ముక్క ఎక్కడిదో గుర్తులు పెట్టుకుని, పెంకులు దించి, దూలాలు ఊడదీసి, బండికెత్తి ఇంకో స్థలంలో నిలబెట్టుకోవచ్చు. పాత జోగ్లో, లిమాసాన్ ఇళ్లను ఇప్పటికీ అలాగే విప్పి నగరాల్లోని హోటళ్లకూ, పాత వస్తువుల మోజు ఉన్నవాళ్లకూ అమ్మేస్తుంటారు. ఇల్లు వెళ్లిపోతుంది, స్థలం అమ్మినవాళ్లకే మిగులుతుంది. ఆ స్థలంలోని కొబ్బరిచెట్టు మూడో మనిషిది కావచ్చు. ఆ చెట్టెక్కి పూగెల గీసి, నీరా దించి, బెల్లం వండేది నాలుగో మనిషి కావచ్చు. మధ్య జావాలోని బన్యుమాస్ ప్రాంతంలో చెట్టు యజమానికీ గీసేవాడికీ మధ్య పంపకం రోజుల లెక్కన సాగుతుంది. ఇన్ని రోజులు దిగినది నీది, ఇన్ని రోజులది నాది.

మనకు అలవాటైన చట్టంలో నేలకు అంటుకుని ఉన్నదంతా నేలతోపాటే చేతులు మారుతుంది. జావాలో అలా కాదు. నేల, నేల మీది ఇల్లు, చెట్టు, పంట, ఆ పంట కోసే హక్కు వేర్వేరు మనుషుల చేతుల్లో ఉండవచ్చు. అందువల్ల ‘ఈ పొలం ఎవరిది’ అన్న ప్రశ్నకు అక్కడ ఒక్క పేరుతో జవాబు రాదు. రెండు వందల ఏళ్లుగా వచ్చిన ప్రతి ప్రభుత్వమూ ఆ ఒక్క పేరు రాబట్టాలనే చూసింది. ప్రతిసారీ పేరెక్కినవాళ్లు నిలదొక్కుకున్నారు. చిన్నా చితకా హక్కులతో బతికేవాళ్లు లెక్కలోంచి జారిపోయారు. జావా రైతు ఆస్తి కథలోని చిక్కంతా ఇక్కడే ఉంది.

ముందు నేల సంగతి. జావా దీవి సుమారు 1.3 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే ఆంధ్రప్రదేశ్ కంటే చిన్నది. 2020 జనాభా లెక్కల్లో అక్కడ తేలిన జనం 15 కోట్ల పైచిలుకు. దీవి పొడవునా అగ్నిపర్వతాలు, వాటి బూడిద కలిసిన సారవంతమైన నేల, ఏటి నీళ్లు, ఏడాదికి రెండు, కొన్నిచోట్ల మూడు వరి పంటలు. రైతుకు నేల మూడు రకాలు. నీటి వసతి ఉన్న వరిపొలం సావా. వానమీద ఆధారపడే మెట్ట తెగాలాన్. ఇంటి చుట్టూ ఉన్న పెరడు పెకరంగన్. కొత్తగా చూసేవారికి ఆ పెరడు తుప్పలు పట్టిన దొడ్డిలా కనిపిస్తుంది. నిదానంగా చూస్తే పైన కొబ్బరి, దాని కింద పనస, మెలింజో, ఇంకా కింద అరటి, బొప్పాయి, నేలబారున కర్రపెండలం, పసుపు, అల్లం, ఓ మూల కోళ్ల గూడు, వెనక మేకల కొట్టం ఉంటాయి. సావా లేని కుటుంబానికి కూరా, కాసిని డబ్బులూ ఇచ్చేది ఈ పెరడే.

పంతొమ్మిదో శతాబ్దపు పల్లెలో మనిషి హోదాను వీటిని బట్టే కొలిచేవారు. సావా, పెరడు, ఇల్లు మూడూ ఉన్నవాడు గోగోల్. కొన్ని జిల్లాల్లో అతన్నే సికెప్ అనేవారు. పెరడూ ఇల్లూ ఉండి సావా లేనివాడిది ఆ కింది మెట్టు. ఇంకొకరి పెరట్లో సొంత ఇల్లు వేసుకున్నవాడు ఇందుంగ్. ఇంకొకరి ఇంట్లోనే తలదాచుకునేవాడు అందరికన్నా అడుగున ఉండేవాడు. ఇంటికీ నేలకూ ముడి లేకపోవడం ఇందుంగ్‌కు ఎంత అక్కరకొచ్చిందో గమనించాలి. గజం స్థలం లేకపోయినా ఇల్లు మాత్రం అతనిదే. స్థలం ఇచ్చినవాడితో చెడితే ఇరుగుపొరుగుల సాయంతో విప్పుకుని పోగలడు.

గోగోల్ హోదా ఊరికే రాదు. ఊరి తరఫున, ప్రభుత్వం తరఫున వెట్టి చేయాల్సింది అతడే. రోడ్డు వేయడం, కాలువ పూడిక తీయడం, రాత్రి గస్తీ, అధికారుల సామాను మోయడం అతని నెత్తినే పడేవి. పొలం ఉంది కాబట్టి పని, పని చేస్తున్నాడు కాబట్టి పొలం. దస్తావేజు చూపించి ‘నాది’ అనడం అక్కడ చాలా ఆలస్యంగా వచ్చిన అలవాటు. ఊరి పనుల్లో తన వంతు వేసుకుంటున్నాడా లేదా అన్నదే హక్కుకు అసలు రుజువు.

వెట్టి ఎప్పుడో పోయింది కానీ వంతు వేసుకోవడం పోలేదు. రాత్రి గస్తీ తిరిగేవాళ్లు ప్రతి గుమ్మం దగ్గరా ఆగుతారు. ద్వారబంధానికి వేలాడదీసిన చిన్న డబ్బాలో ఇంటివాళ్లు గుప్పెడు బియ్యం పోసి ఉంచుతారు. గస్తీవాళ్లు దాన్ని తమ సంచిలోకి వంచుకుని పక్కింటికి నడుస్తారు. దీని పేరు జింపితాన్. ఇప్పుడు చాలాచోట్ల బియ్యం బదులు చిల్లర నాణేలు వేస్తున్నారు. పోగైనది వాడ ఖర్చులకు, వీధి దీపాలకు, ఎవరైనా పోతే అంత్యక్రియల సామగ్రికి వాడతారు. ఆ గుప్పెడు బియ్యంతో ఎవరికీ కడుపు నిండదు. అయితే ఏ ఇంటి డబ్బా వరసగా ఖాళీగా ఉంటోందో వాడలో అందరికీ తెలుస్తుంది.

పెళ్లిళ్లకూ సున్తీ వేడుకలకూ చదివింపులు ఇదే తీరు. ఆడవాళ్లు బియ్యం, పంచదార, నూనె పట్టుకెళ్తారు, మగవాళ్లు కవరులో డబ్బు పెడతారు. ఎవరు ఏం తెచ్చారో వేడుక ఇంటివాళ్లు పుస్తకంలో రాసుకుంటారు. రేపు వాళ్లింట్లో శుభకార్యం జరిగితే అంతకు తగ్గకుండా తిరిగి ముట్టజెప్పాలి. పెళ్లిళ్ల మాసంలో మేకను అమ్మో, అప్పు తెచ్చో చదివింపులు చెల్లించే కుటుంబాలు ఉన్నాయి. గోతోంగ్ రోయోంగ్, అంటే ఒకరికొకరు సాయపడి పని పంచుకోవడం, జావా పల్లె ఆత్మ అని దేశాధ్యక్షులు సుకర్ణో, సుహార్తో ఇద్దరూ తెగ పొగిడారు. అందులో నిజం లేకపోలేదు. ఆ సాయానికి ఒక ఖాతా పుస్తకం కూడా ఉందని మాత్రం ఉపన్యాసాల్లో చెప్పరు.

ఊళ్లో అందరికన్నా పెద్ద కమతం సాధారణంగా ఏ ఆసామిదీ కాదు, అది పదవిది. ఊరి పెద్ద లురాహ్‌కు, లెక్కలు రాసే చారిక్‌కు, నీటి పంపకం చూసే ఉలు-ఉలుకు, మతకార్యాలు నడిపే మోదిన్‌కు జీతం బదులు పొలం ఇచ్చే పద్ధతి ఉంది. ఆ మాన్యాన్ని బెంగ్‌కోక్ అంటారు. పదవి పోతే పొలం కూడా పోతుంది. యోగ్యకార్తా ప్రాంతంలో దిగిపోయిన అధికారికి పింఛనుగా అనుభవించుకునేందుకు వేరే పొలం కూడా కేటాయిస్తారు. ఇవి కాక ఊరి ఖజానాకు చెందిన పొలాలు ఉంటాయి. అర ఎకరం రైతుల మధ్య లురాహ్ చేతిలో కొన్ని హెక్టార్ల మంచి సావా ఉంటే ఎన్నికలు ఎందుకు అంత వేడెక్కుతాయో ఊహించడం కష్టం కాదు. ఎన్నికల ఖర్చు రాబట్టుకోవడానికి మాన్యాన్ని రానున్న కొన్నేళ్లకు ముందే కౌలుకు ఇచ్చేసే పెద్దలూ ఉన్నారు. 2014 గ్రామ చట్టం తర్వాత మాన్యం ఆదాయమంతా ఊరి బడ్జెట్‌లో చూపాలని నిబంధన పెడితే జావా గ్రామాధికారులు వీధికెక్కారు. మరుసటి ఏడే ప్రభుత్వం దాన్ని సడలించాల్సి వచ్చింది.

ఇంత చిక్కుముడిని ఒక్క పేరులోకి కుదించాలన్న ఆలోచన మొదటిసారి గట్టిగా వచ్చింది బ్రిటిష్‌వాళ్లకు. ఇక్కడ తెలుగువాళ్లకు బాగా తెలిసిన మనిషి ఒకడు కనిపిస్తాడు. కావలి సోదరుల సాయంతో దక్కనులో ఊరూరి చరిత్రలూ రాయించిన కాలిన్ మెకంజీ, 1811లో డచ్చి, ఫ్రెంచి వాళ్ల నుంచి జావాను లాక్కున్న దండులో ఇంజనీరుగా వెళ్లాడు. 1812లో యోగ్యకార్తా సుల్తాను కోటను బ్రిటిష్ సేన దోచినప్పుడు చేజిక్కిన రాతప్రతుల్లో చాలా భాగం ఆయన సేకరణలో చేరాయి. జావాలో భూమి హక్కులు ఎలా ఉన్నాయో విచారించడానికి లెఫ్టినెంట్ గవర్నర్ స్టాంఫర్డ్ రాఫిల్స్ వేసిన సంఘానికి అధ్యక్షుడు కూడా ఆయనే. ఆ విచారణను ఆధారం చేసుకుని రాఫిల్స్ ఒక సిద్ధాంతం ప్రకటించాడు. భూమి అంతా సార్వభౌముడిది, సాగు చేసేవాడు శిస్తు కట్టే కౌలుదారు మాత్రమే. సావా పంటలో నేల రకాన్నిబట్టి సగం, అయిదింట రెండు వంతులు, మూడో వంతు శిస్తుగా నిర్ణయించాడు. మొదట ఊరి పెద్ద ద్వారా, 1814 నుంచి ఒక్కొక్క రైతు పేరా శిస్తు కట్టాలని ఆదేశించాడు. దత్తమండలాల్లో థామస్ మన్రో నడిపిన రైత్వారీ ప్రభావం ఇందులో స్పష్టంగా ఉంది.

జావా పొలాల్లో కనిపించిన సత్యం కాదది. భారతదేశంలో కంపెనీ అక్కరకు పనికొచ్చిన వాదం ఓడెక్కి వెళ్లింది. పైగా సర్వే లేదు, సిబ్బంది లేరు, ఎవరి పొలం ఎక్కడ మొదలవుతుందో తెలియదు. చివరికి శిస్తు మళ్లీ ఊరి పెద్దే వసూలు చేశాడు. 1816లో దీవి డచ్చివాళ్ల చేతికి తిరిగి వెళ్లింది కానీ రాఫిల్స్ శిస్తు అలాగే ఉండిపోయింది.

1830లో గవర్నర్ జనరల్ యోహానెస్ వాన్ డెన్ బోష్ ఇంకో దారి పట్టాడు. ఊరి భూమిలో అయిదో వంతులో ప్రభుత్వం కోరిన ఎగుమతి పంట వేయాలి. చెరకు, నీలిమందు, కాఫీ. కాగితం మీద రాసిన ఆ అయిదో వంతు చాలా జిల్లాల్లో ఎంతో దాటిపోయింది. హాలెండు ఖజానా నిండింది, అక్కడి రైలు మార్గాలకు కూడా ఈ సొమ్ము వెళ్లింది. పల్లె ఆస్తి మీద పడిన దెబ్బ మాత్రం అంత సులువుగా కంటికి కనిపించదు. చెరకు మిల్లుకు ఒక్కచోట పెద్ద చెక్క కావాలి, అది ఏటా మారాలి. అందుకోసం విడివిడి పొలాలను ఊరుమ్మడిగా కలిపి మళ్లీ పంచారు. వెట్టి భారం గోగోల్ మీద పడుతుంది కాబట్టి, ఆ భారాన్ని పంచుకోవడానికి ఇంకొందరికి చిన్న చిన్న ముక్కలిచ్చి వాళ్లనూ గోగోల్‌లను చేశారు. అలా వంతులవారీగా చేతులు మారే ఉమ్మడి పొలాలు ఉత్తర తీరపు చెరకు జిల్లాల్లో విస్తరించాయి. తర్వాతి తరం పండితులు వాటిని చూసి, అనాదిగా సమష్టిగా బతికే ప్రాచీన గ్రామం అని మురిసిపోయారు. ఆ ప్రాచీనతలో చాలా భాగం చెరకు మిల్లు వయసుదే అని నా అభిప్రాయం. అంతకుముందు సమష్టి పొలాలు లేవని కాదు, అవి అంతగా పాకడానికి కారణం వేరు.

1870లో వచ్చిన భూచట్టం మరో అడుగు వేసింది. ఎవరూ తమదని రుజువు చేయలేని భూమి అంతా రాజ్యానిది అంది. ప్రైవేటు తోటల కంపెనీలకు కొండవాలు భూములు దీర్ఘకాలపు లీజుకు దొరికాయి. స్థానికుల పొలాలను బయటివాళ్లకు అమ్మకూడదన్న నిషేధం 1875లో వచ్చింది. దానివల్ల రైతు చేతిలో పొలం మిగిలింది, కానీ మిల్లులు దాన్ని కౌలుకు తీసుకుంటూనే పోయాయి. టేకు అడవులు అటవీ శాఖ కిందికి వెళ్లాయి. నిన్నటిదాకా ఇంటికి దూలం కొట్టుకొచ్చినవాడు తెల్లారేసరికి దొంగ అయ్యాడు.

ఆ అడవుల మధ్యనే, బ్లోరా దగ్గర, 1890 ప్రాంతంలో సమిన్ సురోసెంతికో అనే రైతు ఒక బోధ మొదలుపెట్టాడు. నేల అందరిది, నీరు అందరిది, కర్ర అందరిది. అతని అనుచరులు శిస్తు కట్టం అన్నారు, కాపలాకు రాం అన్నారు, అధికారి ఏది అడిగినా మాటకు మాటగా పెడర్థం తీసి జవాబిచ్చేవారు. సర్వేయర్లు గొలుసులతో వస్తే పొలంలో అడ్డంగా పడుకుని ‘ఇది నాది’ అని అరిచేవారని చెబుతారు. అందరిదీ అంటూనే నాదీ అనడంలో వాళ్లకు వైరుధ్యం కనిపించలేదు. నేనే దున్నుతున్నాను కాబట్టి నాది, మధ్యలో నువ్వెవరు కొలవడానికి అన్నది వాళ్ల తర్కం. డచ్చివాళ్లు సమిన్‌ను 1907లో పట్టుకుని సుమత్రాకు పంపారు, 1914లో అక్కడే పోయాడు. ఆ సంప్రదాయంవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కెండెంగ్ సున్నపురాయి కొండల్లో సిమెంటు కర్మాగారానికి వ్యతిరేకంగా సాగిన ఉద్యమంలో వాళ్లు ముందు నిలబడ్డారు. 2016 ఏప్రిల్‌లో తొమ్మిదిమంది రైతు స్త్రీలు జకార్తాలో అధ్యక్ష భవనం ఎదుట తమ పాదాలను సిమెంటులో పాతుకుని కూర్చున్నారు. జావా, మదురా దీవుల్లో దాదాపు 24 లక్షల హెక్టార్ల అటవీ భూమి 2022 వరకు ప్రభుత్వ అటవీ సంస్థ ఆధీనంలోనే ఉండేది.

ప్రభుత్వాలను పక్కనపెట్టి ఇంట్లోకి వద్దాం. పొలాన్ని నిజంగా ముక్కలు చేసేది వారసత్వం. జావాలో బంధుత్వం తల్లి వైపూ తండ్రి వైపూ సమానంగా నడుస్తుంది, కూతుళ్లకూ పొలం వస్తుంది. పంపకానికి రెండు పద్ధతులు ఉన్నాయి. మగవాడు కావడి మోస్తాడు కాబట్టి రెండు బుట్టలు, ఆడది వీపున మోస్తుంది కాబట్టి ఒక బుట్ట అన్నది ఒకటి. ఇస్లామిక్ ధర్మం చెప్పే రెండుకొకటి వాటాతో ఇది సరిపోతుంది. పుచ్చకాయను నడిమికి కోసినట్టు అందరికీ సమానంగా పంచడం రెండోది. చాలా కుటుంబాలు ఏదో ఒకటి పట్టుకుని వేలాడవు. తల్లిదండ్రులు బతికుండగానే తలా కాస్త రాసిచ్చేస్తారు, వాళ్లను చివరిదాకా చూసుకున్న బిడ్డకు ఇల్లు మిగులుతుంది.

భార్యాభర్తల ఆస్తికి కూడా స్పష్టమైన గీత ఉంది. ఎవరు పుట్టింటినుంచి తెచ్చుకున్నది వారిదే. కాపురం మొదలయ్యాక ఇద్దరూ కలిసి సంపాదించింది గోనో-గిని, ఉమ్మడి ఆస్తి. విడిపోతే పంచుకోవాలి. సంతలో కూరగాయలు, బెల్లం, బట్టలు అమ్మేది ఎక్కువగా ఆడవాళ్లే, ఇంటి డబ్బు సంచీ కూడా వాళ్ల దగ్గరే ఉంటుంది. కాబట్టి ఈ వాటా ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. 1991లో ఇండోనేషియా ఇస్లామిక్ న్యాయస్థానాల కోసం రూపొందించిన స్మృతిలో ఉమ్మడి ఆస్తిలో చెరిసగం అన్న నియమం ఉంది. దత్తత బిడ్డ మాటకొస్తే, రెండు బావుల నీళ్లు తోడుకుంటాడు అంటారు మధ్య జావాలో. కన్నవాళ్ల ఆస్తిలోనూ వాటా ఉంది, పెంచినవాళ్ల ఆస్తిలోనూ ఉంది.

న్యాయంగానే ఉంది, లెక్క కుదరదు అంతే. పాత కొలతలో ఒక బావు అంటే 500 ఉబిన్లు, సుమారు 7,100 చదరపు మీటర్లు, మన లెక్కలో ఎకరం 75 సెంట్లు. తాతకు ఒక బావు ఉండి, నలుగురు పిల్లలు సమానంగా పంచుకుంటే తలకు 125 ఉబిన్లు వస్తాయి. అంటే 44 సెంట్లు. బాగా పండిన కారులో దానిమీద పది క్వింటాళ్ల లోపు వడ్లు వస్తాయి. ఆ నలుగురికీ ముగ్గురేసి పిల్లలైతే తలకు 15 సెంట్లు కూడా రావు. ఇండోనేషియా రైతు కుటుంబాల్లో సగానికి పైగా అర హెక్టారు కూడా లేనివే, వాటిలో ఎక్కువ భాగం జావాలోనే ఉన్నాయి. అందుకే గట్లు వేసి పంచుకోవడం కంటే, ఒకరు సాగు చేసి మిగతావారికి పాలు పంపడం మామూలైంది. తోడబుట్టినవాళ్లే భూస్వాములు, తోడబుట్టినవాడే పాలికాపు.

సగపాలుకు చేయడాన్ని మారో అంటారు. సాగుదారుకు మూడో వంతు దక్కేది మెర్తెలు, నాలుగో వంతు మాత్రమే దక్కేది మ్రపత్. నేల సారం, విత్తనం ఎరువు ఎవరు పెట్టారన్నది, ఊళ్లో పొలం కోసం ఎంతమంది ఎదురుచూస్తున్నారన్నది కలిసి ఈ వాటాను తేలుస్తాయి. పొలం దక్కడానికి ముందుగా కొంత డబ్బు ముట్టజెప్పే అలవాటూ ఉండేది, దాని పేరు స్రోమో. 1960 పాలుసాగు చట్టం దాన్ని నిషేధించింది. ఒప్పందం ఊరి పెద్ద ఎదుట రాతపూర్వకంగా ఉండాలని, సావాకు కనీసం మూడేళ్లు, మెట్టకు అయిదేళ్లు ఇవ్వాలని కూడా అంది. నేటికీ ఒప్పందాలు నోటిమాట మీదే నడుస్తాయి. అన్నను పట్టుకుని రాసివ్వమని తమ్ముడు ఎలా అడుగుతాడు?

తాకట్టు దీనికంటే గమ్మత్తుగా ఉంటుంది. రైతు డబ్బు తీసుకుని పొలాన్ని అప్పిచ్చినవాడికి అప్పగిస్తాడు. వడ్డీ లేదు, గడువు లేదు. అసలు తిరిగి కట్టేవరకు పంట అప్పిచ్చినవాడిది. చాలాసార్లు అప్పిచ్చినవాడు దున్నడు, తాకట్టు పెట్టినవాడికే సగపాలుకు ఇస్తాడు. అంటే తన పొలంలో తానే పాలికాపు. కొన్నేళ్లలో ఆ సగం పంటతోనే అప్పు ఎప్పుడో తీరిపోయి ఉంటుంది, అయినా అసలు అలాగే నిలబడి ఉంటుంది. దీన్ని గుర్తించే 1960లోనే మరో చట్టం, ఏడేళ్లు నిండిన తాకట్టు పొలాన్ని పైసా అడగకుండా తిరిగి ఇచ్చేయాలని చెప్పింది. నాకు తెలిసి భూచట్టాల్లో ఇంత సూటిగా రైతు పక్షాన నిలబడ్డ నిబంధనలు అరుదు. అయితే రేపు మళ్లీ బిడ్డ చదువుకో, ఆస్పత్రికో అప్పు కావాలి. అప్పిచ్చే మనిషి ఊళ్లో అతనొక్కడే అయితే చట్టం చూపించి పొలం లాక్కునే ధైర్యం ఎవరికి ఉంటుంది?

పొలం లేనివాళ్లకు ఊళ్లో ఉన్న పెద్ద హక్కు కోత. ముదిరిన వరిలోకి ఆడవాళ్లు గుంపుగా దిగేవారు. అరచేతిలో ఇమిడే చిన్న కత్తి, అని-అని, వేళ్ల మధ్య పట్టుకుని ఒక్కొక్క వెన్నునే కోసేవారు. పాత పొడుగు రకాలు ఒక్కసారిగా పండవు కాబట్టి అదే సరైన పద్ధతి కూడా. కత్తి కనిపించకుండా కోస్తే ధాన్యలక్ష్మి దేవి శ్రీ నొచ్చుకోదని నమ్మకం. కోసినదాంట్లో కొంత వంతు బావోన్ అనే పేరుతో కోసినవారికే దక్కేది. దగ్గరివాళ్లకు కాస్త పెద్ద కట్ట, ఊరికి కొత్తవాళ్లకు చిన్నది. వచ్చినవాళ్లను పొమ్మనడం యజమానికి మర్యాద కాదు. కోతకు కావలసినవాళ్లకంటే ఎక్కువమంది పొలంలో ఉండేవారు, అందరికీ కొంచెం కొంచెం దక్కేది.

1960ల చివర్లో పొట్టి వరి వచ్చింది. ఒక్కసారే పండుతుంది, గింజ తొందరగా రాలుతుంది, కొడవలితో కోయడమే తేలిక. సరిగ్గా అప్పుడే తెబాసన్ పద్ధతి ఊపందుకుంది. వ్యాపారి కోతకు వారం పది రోజుల ముందు వచ్చి, గట్టు మీద నడిచి, నిలబడి ఉన్న పంటను కంటితోనే అంచనా కట్టి, బేరమాడి బయానా ఇచ్చిపోతాడు. కోత రోజున తన మనుషుల్ని, కొడవళ్లని, కాటాని తెచ్చుకుంటాడు. పొలం యజమానికి ఇరుగుపొరుగును కాదన్న నింద లేదు, కాదన్నది వ్యాపారి కదా. ఆ పక్కనే ఇంకో దెబ్బ పడింది. 1970ల్లో వడ్ల మిల్లులు వచ్చి రోకలి దంపుడు పోయింది, దానితో బతికే ఆడవాళ్ల కూలి కూడా పోయింది. కొన్ని ఊళ్లలో ఇంకో మెలిక వచ్చింది. నాట్లు వేసి, కలుపు తీసి ఉచితంగా పెట్టినవాళ్లకే కోతకు రానిస్తామన్నారు. ఒకప్పుడు ఊరందరి హక్కు ముందుగా చాకిరీ చేసి కొనుక్కోవలసిన టికెట్టు అయింది. 1984లో ఇండోనేషియా బియ్యంలో స్వయంసమృద్ధి సాధించినప్పుడు ప్రపంచం మెచ్చుకుంది, ఆ మెప్పుకు అర్హత ఉంది కూడా. ఉత్పత్తి లెక్కల్లో ఈ కోత హక్కు ఎక్కడా కనిపించదు, అంతే.

ఇన్ని జరిగినా పల్లెలో పెద్ద తిరుగుబాటు ఎందుకు రాలేదు? వచ్చింది, అణగిపోయింది. 1960 సెప్టెంబరు 24న వచ్చిన మూల భూచట్టం వలసపాలన నాటి చట్టాలను రద్దు చేసి, సంప్రదాయ హక్కుల పునాది మీద కొత్త యాజమాన్యాన్ని నిలబెట్టింది. జనసాంద్రత బాగా ఎక్కువున్న జిల్లాల్లో కుటుంబానికి అయిదు హెక్టార్ల సావా గరిష్ఠ పరిమితి అని వెంటనే మరో చట్టం చెప్పింది. వేరే మండలంలో కాపురముంటూ ఇక్కడ పొలం ఉంచుకోవడం కుదరదన్న నిబంధన కూడా వచ్చింది. అమలు నత్తనడక నడిచింది. 1964 నుంచి కమ్యూనిస్టు అనుబంధ రైతు సంఘం క్లాతెన్ వంటి చోట్ల తానే పొలాల్లోకి దిగి పాలు సరిగా పంచాలని, మిగులు భూమి స్వాధీనం చేసుకోవాలని పట్టుబట్టింది. మసీదులకు, మతపాఠశాలలకు చెందిన భూముల దగ్గర ఘర్షణలు రక్తం చిందించాయి. 1965 అక్టోబరులో సైన్యం కమ్యూనిస్టుల మీద విరుచుకుపడ్డాక, ఏడాది లోపు దేశంలో కనీసం అయిదు లక్షలమందిని చంపారని సాధారణంగా చెప్పే అంచనా. ఆ హత్యలు ఎక్కువగా జరిగిన చోట్లలో మధ్య జావా, తూర్పు జావా పల్లెలు ప్రధానమైనవి. పంచిన భూమి చాలాచోట్ల వెనక్కి పోయింది. చట్టాలను ఎవరూ రద్దు చేయలేదు, వాటిని అడగడమే ప్రమాదకరమైంది. తర్వాత మూడు దశాబ్దాలు పాలికాపు ‘నా వాటా’ అంటే కమ్యూనిస్టు ముద్ర పడుతుందన్న భయం పల్లెను పట్టి ఉంచింది.

ఇప్పుడు కాగితాల కాలం. ఊరి కార్యాలయంలో లెటర్ సి అనే పాత రిజిస్టరు ఉంటుంది. శిస్తు ఎవరు కట్టారో, ఎవరి నుంచి ఎవరికి మారిందో చేతిరాతలో, కొట్టివేతలతో, పక్కన చిన్న అక్షరాలతో అందులో ఉంటుంది. అది పట్టా కాదు, శిస్తు చిట్టా. అయినా తరతరాలుగా పొలాల అమ్మకాలు దాని మీదే జరిగాయి. 2017 నుంచి ప్రభుత్వం ఊళ్లకు ఊళ్లు కొలిచి పట్టాలు ఇచ్చే కార్యక్రమం పెద్ద ఎత్తున చేపట్టింది. 2021లో వచ్చిన నియమం, ఇలాంటి పాత కాగితాలున్నవారు అయిదేళ్లలోగా నమోదు చేయించుకోవాలంది. ఆ గడువు 2026 ఫిబ్రవరితో ముగిసింది. ఇక లెటర్ సి భూమి ఎక్కడుందో చూపే ఆనవాలే తప్ప హక్కుకు రుజువు కాదు.

పట్టా మంచిదే. బ్యాంకు అప్పు వస్తుంది, రోడ్డు వేసేటప్పుడు పరిహారం వస్తుంది, దొంగ అమ్మకాలు తగ్గుతాయి. కానీ పట్టా అడిగేది ఒక్కటే: ఈ చెక్క ఎవరి పేరున రాయాలి? చెట్టు ఎవరిదో, పాలుకు చేసేది ఎవరో, కోతకు ఎవరు వస్తారో అందులో గళ్లు లేవు. భర్త పేరొక్కటే రాస్తే ఉమ్మడి ఆస్తి అన్న మాట కోర్టుకు వెళ్తే గానీ బయటపడదు. ఇందుంగ్ పరిస్థితి మరీ విచిత్రంగా మారింది. చెక్క ఇళ్ల కాలంలో విప్పుకుని పోగలిగినవాడు, హాంకాంగ్‌లో ఇంటిపనికి వెళ్లిన కూతురు పంపిన డబ్బుతో ఇప్పుడు ఇటుక గోడలు కట్టుకున్నాడు. నేల వేరు, ఇల్లు వేరు అన్న సూత్రాన్ని ఇండోనేషియా చట్టం ఇప్పటికీ ఒప్పుకుంటుంది. ఇటుక గోడను మోసుకుపోవడం మాత్రం కుదరదు. స్థలం పట్టా యజమాని కొడుకు పేరున వచ్చి, ఆ కొడుకు అమ్మదలచుకుంటే బేరం ఎక్కడ కుదురుతుందో చెప్పలేం.

తండ్రి పేరున పట్టా వచ్చాక తండ్రి పోతే చిక్కు మళ్లీ మొదటికొస్తుంది. పేరు మార్చాలంటే వారసులందరి సంతకాలు కావాలి. ఒకరు జకార్తాలో, ఒకరు మలేషియాలో, ఒకరు సుమత్రాలో వలస గూడెంలో. ఖర్చు, తిరుగుడు, ఎవరికి ఎంత అన్న ప్రశ్న మళ్లీ లేవడం, ఇవన్నీ చూసి చాలామంది ఆ పని వాయిదా వేస్తారు. ఊళ్లో మిగిలిన ఒక్కరు సాగు చేస్తారు, మిగతావారికి బియ్యమో డబ్బో పంపుతారు, శిస్తు చనిపోయిన తండ్రి పేరునే కడతారు. ఆ పట్టాను బ్యాంకు తాకట్టు పెట్టుకోదు. కాబట్టి ఎరువుకు డబ్బు కావాల్సి వచ్చినప్పుడు సాగు చేసే ఆ బిడ్డ వెళ్లేది, కోతకు వారం ముందు గట్టు మీద నడిచి పంట ధర కట్టే తెబాసన్ వ్యాపారి దగ్గరికే.